ఇసుక సారు

కార్ఖానాలో అతన్ని అందరూ ఇసుక సారు అనేవారు. అసలు ఉద్యోగం సేఫ్టీ ఆఫీసరు. కొత్తగా ఎవరు పనిలో చేరినా మొదటి రోజు వాళ్ళని యంత్రం దగ్గరికి పోనిచ్చేవాడు కాదు. వెనకవైపు ఖాళీ స్థలంలోకి తీసుకెళ్ళి, ఇనప పళ్ళెంలో గుప్పెడు మెగ్నీషియం తురుము పోసి అంటించేవాడు. వెల్డింగు చేసేటప్పుడు లేచేలాంటి తెల్లటి వెలుగు లేచేది. కళ్ళు పక్కకు తిప్పుకోక తప్పేది కాదు. అప్పుడు పొడుగాటి కర్రకు కట్టిన డబ్బాతో దూరం నుంచి దాని మీద కాసిని నీళ్ళు ఒంపేవాడు. ఢామ్మని పేలి, కణికలు చెల్లాచెదురుగా ఎగిరిపడేవి. కొత్తవాళ్ళు హడలిపోయి వెనక్కి గెంతేవారు.

"చూశారుగా," అనేవాడు తాపీగా. "కట్టెల మంటకి నీళ్ళు మొగుడు. ఈ మంటకి నీళ్ళు మేత. నీళ్ళని చీల్చి, అందులోంచి మండే గాలిని బయటికి లాగుతుంది. మామూలు మంటలార్పే గ్యాసు సిలిండరు తెచ్చి కొట్టినా అంతే, ఆ గ్యాసుని కూడా తినేస్తుంది. దీనికి మన దగ్గరున్న మందు ఒకటే. పొడి ఇసుక. చుట్టూ కప్పుకుంటూ మెల్లగా లోపలికి రావాలి. కప్పేశాక కెలక్కూడదు. దానంతటది చచ్చేదాకా వదిలెయ్యాలి."

ఆ తర్వాత ఇసుక పెట్టె మూత తీసి, ఒక్కొక్కరి చేతా మోచేతి దాకా చెయ్యి పెట్టించేవాడు. "పైన పొడిగా ఉందని నమ్మకండి. లోపల చల్లగా తగిలితే ముట్టుకోవద్దు. నాకు కబురు చెయ్యండి. తడి ఇసుక వెయ్యడమంటే నీళ్ళు పొయ్యడమే."

సారింట్లో కూరలో ఉప్పు బదులు ఇసుకే వేస్తారట అని పనివాళ్ళు నవ్వుకునేవారు. ఆ జోకు పుట్టించింది వేరెవరో కాదు, అతని బావమరిదే.

బావమరిదిని పిట్ట అనేవాళ్ళు. సన్నగా ఉండేవాడు, లేత్ ముందు నిలబడి పొద్దస్తమానం ఈల వేసేవాడు. తల్లి చిన్నప్పుడే పోతే అక్క చేతుల మీద పెరిగాడు. పెళ్ళయ్యాక అక్క మొగుడికి పెట్టిన మొదటి షరతు, తమ్ముడు తమతోనే ఉంటాడని. పని నేర్పించి, కార్ఖానాలో చేర్చింది కూడా బావే. తర్వాత వాడికి పెళ్ళయింది, పక్క వీధిలో వేరు కాపురం పెట్టాడు. అయినా సెలవు రోజున మధ్యాహ్నం భోజనానికి భార్యతో సహా వచ్చి, సాయంత్రం దాకా అక్కింట్లోనే పడి ఉండేవాడు. కార్ఖానాలో బావని "సారూ" అని పిలిచి, గేటు దాటగానే "బావా, నీ ఇసుక పురాణం ఇవాళ మరీ సాగదీశావు" అని ఏడిపించేవాడు.

కార్ఖానాలో కెమెరాలకీ, కోత యంత్రాలకీ తేలికపాటి పెట్టెలు తయారయ్యేవి. పోతపోసిన మెగ్నీషియం దిమ్మల్ని లేత్‌ల మీద చెక్కితే, కింద వెండి రంగు తురుము కుప్పలు పడేది. ప్రతి వరసకీ ఒక ఇసుక పెట్టె ఉండేది, పక్కనే ఒక పార.

ఒకసారి సరుకు కొనేవాళ్ళు కార్ఖానా చూడటానికి వస్తున్నారని మేనేజరు హడావిడి మొదలుపెట్టాడు. గోడలకి సున్నం కొట్టించాడు. నేల కడిగించాడు. ఇసుక పెట్టెల దగ్గరికి వచ్చి ఆగాడు.

"ఇవి కనపడకూడదు. వెనక షెడ్డులో పెట్టించండి."

"అవి ఇక్కడే ఉండాలండీ."

"ఇన్ని ఇసుక పెట్టెలు చూస్తే వాళ్ళకేమనిపిస్తుంది? ఇక్కడ రోజూ అంటుకుంటుందేమో అనిపించదూ? వాళ్ళు వెళ్ళిన మర్నాడే లోపలికి తెచ్చుకుందురుగాని. ఇంత చిన్నదానికి పేచీ ఎందుకు?"

ఇసుక సారు ఇంకొక్క మాట అని చూశాడు. మేనేజరు అప్పటికే వేరే పనిలోకి తిరిగిపోయాడు. సరే అన్నాడు. పెట్టెలు లేనన్నాళ్ళూ తురుమంతా ఎప్పటికప్పుడు ఎత్తించి, తనే వరసల మధ్య కాపలా తిరిగాడు. ఏమీ కాలేదు. వచ్చినవాళ్ళు మెచ్చుకుని వెళ్ళారు.

పెట్టెలు షెడ్డులో ఉండగా గట్టి వాన కురిసింది. షెడ్డు రేకులకి చిల్లులున్నాయి. కడగడానికని మూతలు తీసినవాళ్ళు కొన్నిటికి మళ్ళీ పెట్టలేదు. తర్వాత రోజుల్లో ఎండ కాసింది. వచ్చినవాళ్ళు వెళ్ళిన మర్నాడు పెట్టెలు లోపలికి తెచ్చేసరికి సాయంత్రమైంది. పనివాళ్ళు ఇంటికి వెళ్ళిపోతున్నారు, మళ్ళీ మబ్బు పట్టింది. ఇసుక సారు వరసల వెంట నడుస్తూ, ఒక్కొక్క పెట్టెలో ఇసుక మీద అరచెయ్యి ఆనించి చూశాడు. వెచ్చగా, పొడిగా తగిలింది. సంచి భుజాన వేసుకుని బయల్దేరాడు.

దారిలో వాన అందుకోనే అందుకుంది. ఇంటికి వచ్చి తల తుడుచుకుంటూ భార్యతో అన్నాడు. "ఆ పెట్టెలు లోపలికి తెప్పించేశా. వాన వచ్చేస్తోందని పైపైన చూసి వచ్చేశా. రేపు సరిగ్గా చూడాలి."

మర్నాడు వేరే పని పడింది. ఆ మర్నాడు ఇంకొకటి.

మంట లేచింది ఒక పొద్దుటి పూట. పిట్ట పక్క లేత్ మీద ఒక పెద్దాయన పనిచేసేవాడు. కోత పదును పోయిన కత్తి లోహాన్ని చెక్కకుండా రుద్దింది. నిప్పురవ్వ కింది తురుములో పడింది. పెద్దాయన యంత్రం ఆపి, వెనక్కి జరిగి, సారు నేర్పినట్టే "తెల్ల మంట" అని కేక వేశాడు. ఎవరూ నీళ్ళ కోసం పరిగెత్తలేదు. ఎర్ర సిలిండరు మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు. అందరూ దూరంగా జరిగారు. పిట్ట పార అందుకుని, ఇసుక పెట్టె మూత తన్ని తెరిచి, మొదటి పార మంట అంచు మీద జల్లాడు.

పైనున్న ఇసుక. అది పొడిగానే ఉంది. ఆ పక్క మంట అణిగింది.

రెండోది కూడా పనిచేసింది. తర్వాత పార లోతుగా దిగింది. ఆ ఇసుక ముద్దముద్దగా పడింది. పడీపడగానే కుప్ప మొత్తం పేలింది. కరిగిన లోహం పైకి లేచి పిట్ట ముఖం మీదా, మెడ మీదా, చేతుల మీదా చిమ్మింది. మిగతాది పక్కనే ఉన్న తురుము పీపాల్లో పడింది.

ఇసుక సారు తన గదిలోంచి పరుగెత్తుకొచ్చేసరికి, పెద్దాయనా ఇంకొకతనూ కలిసి పిట్టని చంకల కింద పట్టుకుని బయటికి ఈడ్చుకొస్తున్నారు. లోపల చూడలేనంత వెలుగు. ఎవరెవరు బయటికొచ్చారో గబగబా చూసుకుని, తలుపులు వేయించాడు. బావమరిదిని వ్యానులోకి ఎక్కిస్తుంటే దగ్గరికి వెళ్ళాడు. ముఖం మీద ఎవరిదో చొక్కా కప్పి ఉంది. "బావా, బావా" అంటున్నాడు వాడు. కార్ఖానాలో వాడు ఆ మాట అనడం అదే మొదటిసారి. వ్యాను వెళ్ళిపోయింది.

ఫైరింజను వచ్చింది. మనుషులు గొట్టాలు విప్పుతున్నారు. ఇసుక సారు వాళ్ళకి అడ్డంగా నిలబడ్డాడు.

"లోపల మండేది మెగ్నీషియం. నీళ్ళు కొట్టారంటే గోడతో సహా మీ మీద పడుతుంది."

యజమాని అప్పటికే కారు దిగాడు. "వీడి మాటేంటి వినేది? నా కార్ఖానా కాలిపోతుంటే చేతులు కట్టుకుని చూడమంటాడా? కొట్టండి నీళ్ళు."

"కొట్టకండి. పక్కనున్న రంగుల గోడౌను తడపండి. దీన్ని కాలనివ్వండి."

ఫైరింజను అధికారి ఇద్దరి ముఖాలూ చూశాడు. తర్వాత తన మనుషుల్ని రంగుల గోడౌను వైపు పంపాడు. కార్ఖానా ఆ పగలంతా కాలింది. పైకప్పు వంగి, కూలి, లోపలికి పడింది. యజమాని గేటు పక్కన అరుగు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. వీధిలో ఇంకెవరికీ చిన్న గాయం కూడా కాలేదు. వెళ్ళేటప్పుడు అధికారి ఇసుక సారు చెయ్యి పట్టుకుని, "మా వాళ్ళ ప్రాణాలు కాపాడారు" అన్నాడు. ఆ మాట మర్నాటికల్లా అందరి నోళ్ళలోనూ పడింది. రంగుల గోడౌను అంటుకుని ఉంటే ఏమయ్యేదో తెలిశాక యజమాని కూడా మెత్తబడి, నలుగురిలో అతన్ని మెచ్చుకున్నాడు.

ఆస్పత్రిలో డాక్టరు మాటలు దాచలేదు. ఒక కన్ను పోయింది. రెండోదానికి వెలుగూ చీకటీ తేడా తెలిస్తే అదే గొప్ప. కుడి చేతి వేళ్ళు ముడుచుకుపోతాయి. అక్క మంచం పక్కనుంచి కదల్లేదు. పిట్ట భార్య తలుపు దగ్గర నేల మీద కూర్చుని ఉంది. ఇసుక సారు లోపలికి రాగానే పిట్ట అడుగుల చప్పుడు గుర్తుపట్టాడు.

"బావా. నువ్వు చెప్పినట్టే చేశా. అంచు నుంచి కప్పుకుంటూ వచ్చా. మొదట తగ్గింది కూడా. ఎక్కడ తప్పు చేశానో తెలియట్లేదు."

"నువ్వేం తప్పు చెయ్యలేదు. మాట్లాడకు. పడుకో."

అప్పటికి అతనికి తెలుసు. మంట చల్లారాక శిథిలాల్లోకి వెళ్ళి చూశాడు. కాలకుండా మిగిలిన చివరి వరస పెట్టెలో చెయ్యి దూర్చాడు. వేళ్ళు లోపలికి దిగేసరికి చల్లగా తగిలింది.

విచారణ ఒక ప్రభుత్వ కార్యాలయంలో, ఫ్యాను కిర్రుమంటున్న గదిలో జరిగింది. ముందు రోజు మేనేజరు అతన్ని టీకి పిలిచాడు. బెదిరించలేదు, బతిమాలలేదు. "రెండో యూనిట్‌కి మీలాంటి మనిషి కావాలని అయ్యగారు అంటున్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి చాలు. మనం దాచేదేముంది?" అన్నాడు. ఇసుక సారుకి ఆ మాట బాగానే వినిపించింది. తను ఉన్నది ఉన్నట్టే చెప్పాలనుకున్నాడు.

విచారణాధికారి మర్యాదస్థుడు. గేటు దగ్గర నీళ్ళు ఆపింది మీరేనా అని అడిగి, అవునంటే తల పంకించాడు. తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"ఇసుక పెట్టెల్ని బయటికి తీయించింది ఎవరు?"

"మేనేజరు గారు. నేను సరేనన్నాను."

"మళ్ళీ లోపలికి తెచ్చాక మీరు చూశారా?"

మేనేజరు కిటికీ వైపు చూస్తున్నాడు.

"చూశాను."

"పొడిగా ఉన్నాయా?"

"పొడిగానే తగిలింది."

"వాడబోయే ముందు ఇసుక పొడిగా ఉందో లేదో చూసుకోవాలని పనివాళ్ళకి నేర్పారా?"

"నేర్పాను. మోచేతి దాకా చెయ్యి పెట్టి చూడాలని ప్రతి ఒక్కరికీ నేర్పాను."

"గాయపడిన అతనికి కూడా?"

"అందరికన్నా ముందు అతనికే."

అధికారి రాసుకున్నాడు. బయటికి వచ్చి మెట్లు దిగుతుంటే ఇసుక సారుకి తేలిగ్గా అనిపించింది. ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు.

తీర్పు వచ్చింది. ఇసుక పెట్టెల్ని సిబ్బంది తనిఖీ చేశారనీ, తగిన శిక్షణ ఇచ్చారనీ, గాయపడిన కార్మికుడు నేర్చుకున్న జాగ్రత్త పాటించకుండా ఇసుక వాడటం వల్లే ప్రమాదం జరిగిందనీ తేల్చారు. పిట్టకి రావలసిన పరిహారంలో చాలా భాగం దాంతో ఎగిరిపోయింది. ఆ సంగతి పిట్ట భార్య వచ్చి వదినతో చెప్పింది. చెప్పి, ఏడవకుండా, ఇచ్చిన మంచినీళ్ళు కూడా ముట్టుకోకుండా వెళ్ళిపోయింది.

సాయంత్రం అతను ఇంటికి వచ్చేసరికి భార్య వంటింటి గడప మీద కూర్చుని ఉంది. పొయ్యి వెలిగించలేదు.

"పెట్టెలు చూశానని చెప్పావా అక్కడ?"

"చూశాను కాబట్టి చెప్పాను."

"నాతో పైపైన చూశానన్నావు. తల తుడుచుకుంటూ, అదిగో, అక్కడ నిలబడి. అక్కడికి వెళ్ళేసరికి పైపైన అన్న మాట ఎక్కడ పడిపోయింది?"

"వాళ్ళు అలా అడగలేదు."

"అడగలేదని చెప్పలేదా. మరి మోచేతి దాకా చెయ్యి పెట్టాలని నేర్పానని మాత్రం పూస గుచ్చినట్టు చెప్పావట."

"అది నిజమే కదా."

"నిజమే. నీకు పనికొచ్చే నిజమైతే నీ నోట ఎంత బాగా వస్తుందో." ఆమె గొంతు పెంచలేదు. "అక్కడ మంట లేస్తుంటే వాడు తీరిగ్గా చొక్కా మడిచి, చెయ్యి పెట్టి చూసుకోవాలా? వాడికి ఆ అవసరం రాకుండా చూడటానికే కదా నీకు ఉద్యోగం ఇచ్చింది?"

ఆ రాత్రి ఇద్దరూ తినలేదు.

మర్నాడు అతను విచారణాధికారి దగ్గరికి వెళ్ళాడు. బయట బెంచీ మీద చాలాసేపు కూర్చోబెట్టి, ఆఖరికి లోపలికి పిలిచారు. చెప్పదలుచుకున్నది చెప్పేశాడు. తను పైన అరచెయ్యి ఆనించి చూశాడే తప్ప లోపల చూడలేదని, వాన కురిసిన సంగతి తెలిసి కూడా చూడలేదని, తప్పు తనదేనని.

అధికారి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "అతను మీకు బావమరిది కదూ?"

"అవును."

"ఈ మాట ఆ రోజే చెప్పుంటే వేరే సంగతి. తీర్పు వచ్చాక వచ్చి చెబితే, చుట్టరికం కోసం చెబుతున్నారనుకుంటారు. నేను కూడా అలాగే అనుకోవాల్సి వస్తుంది. మీ మంచి పేరు పాడు చేసుకోకండి. ఇంటికి వెళ్ళండి."

తన మాట కాగితం మీద పెట్టమని అతను ఇంకోసారి అడగవచ్చు. అడగలేదు. నమస్కారం పెట్టి బయటికి వచ్చాడు. వీధిలోకి వచ్చాక తన గుండె కుదుటపడి ఉండటం గమనించుకున్నాడు. తన ప్రయత్నం తను చేశాడు, ఇక చేసేదేమీ లేదు. అలా అనిపించినందుకు సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే నేరుగా పిట్ట ఇంటికి నడిచాడు.

పిట్ట కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ముఖం మీద కొత్త చర్మం గులాబీ రంగులో, బిగుసుకుని ఉంది. భార్య పనికి వెళ్ళింది. ఆస్పత్రి బట్టలు ఉతికే చోట చేరింది. ఇంట్లో ఇద్దరే ఉన్నారు. అతను నిలబడే మొత్తం చెప్పాడు. షెడ్డు, వాన, అరచెయ్యి, విచారణ గదిలో అడిగినవీ, తను చెప్పినవీ. ఇవాళ అధికారి అన్నది కూడా చెప్పాడు.

పిట్ట విన్నాడు.

"పార బరువుగా అనిపించింది బావా," అన్నాడు చివరికి. "చేతిలో తేడా తెలిసింది. ఒక్క క్షణం ఆగాను. అయినా నువ్వు చూసే ఉంటావులే అనుకున్నా."

"నాదే తప్పు."

"ఇన్నాళ్ళూ చెయ్యి పెట్టి చూడలేదని నన్ను నేనే తిట్టుకుంటున్నా. మంచం మీద పడుకుని ఇదే పని. నా భార్య కూడా ఒకసారి అడిగింది, ఎందుకు చూసుకోలేదని. దానికేం చెప్పాలో తెలియలేదు. నువ్వు ఆస్పత్రికి వచ్చినప్పుడు నేను అడిగితే, నువ్వేం తప్పు చెయ్యలేదన్నావు. అప్పటికి నీకు తెలుసా?"

"తెలుసు."

"అక్కడ వాళ్ళు అడిగినప్పుడు, చూశానని చెప్పడానికి ఎంతసేపు ఆలోచించావు?"

ఇసుక సారు అబద్ధం ఆడలేకపోయాడు. "ఆలోచించలేదు. నోట్లోంచి వచ్చేసింది."

పిట్ట నవ్వాడు. పెదవి ఒక పక్క కదల్లేదు. "ఆలోచించి చెప్పుంటే ఇంత బాధ ఉండేది కాదు. ఉద్యోగం కోసం భయపడ్డాడులే పాపం, అనుకునేవాణ్ణి."

లేచి లోపలికి వెళ్ళబోయాడు. కుర్చీ కాలు తట్టుకుని తూలితే ఇసుక సారు చెయ్యి పట్టుకున్నాడు. పిట్ట ఆ చేతిని కొట్టలేదు, విదిలించలేదు. నెమ్మదిగా విడిపించుకుని, గోడ వెతుక్కుని, గోడ పట్టుకుని నడిచాడు.

"అక్కని రమ్మను," అన్నాడు గుమ్మం దగ్గర. "నువ్వు రావద్దు."

రెండో యూనిట్‌లో ఉద్యోగం వచ్చింది. జీతం పెరిగింది, గది పెద్దదిచ్చారు. వద్దనుకుంటే ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో తెలియక చేరాడు. భార్య వద్దనలేదు, మంచిదనీ అనలేదు. పొద్దున్నే వండి, సగం గిన్నెల్లో సర్దుకుని తమ్ముడింటికి వెళ్ళి, సాయంత్రం తిరిగి వచ్చేది. మొగుడితో అద్దె గురించీ, నీళ్ళ పంపు గురించీ మాట్లాడేది. తమ్ముడు ఎలా ఉన్నాడని అడిగితే, "ఉన్నాడు" అనేది.

ఒక రోజు అతను దారిలో కమలాపళ్ళు కొని పిట్ట ఇంటి వీధి చివర నిలబడ్డాడు. ఆస్పత్రి నుంచి పని ముగించుకుని పిట్ట భార్య వస్తోంది. చేతులు బట్టలుతికే సోడాకి పగిలిపోయి ఉన్నాయి. అన్నయ్యగారూ అని నోరారా పిలిచే మనిషి. అతను సంచి అందించాడు.

"ఇవి వాడికివ్వమ్మా. నేనిచ్చానని చెప్పొద్దులే."

ఆమె సంచిలోకి చూసింది. తిరిగి అతని చేతికిచ్చేసింది.

"వద్దండి సార్. ఆయనకి కమలాపళ్ళు పడవు."

తన ఇంట్లో, గిన్నె ముందు పెట్టుకుని, తొక్కలు కిటికీలోంచి విసురుతూ పిట్ట కమలాపళ్ళు తింటూ ఉండటం ఎన్నిసార్లు చూశాడో అతనికి లెక్క లేదు. ఆమె వెళ్ళిపోయింది. అతను సంచిని ఇంటికి తీసుకెళ్ళలేదు. మర్నాడు ఆఫీసులో బల్ల మీద పెట్టాడు. ఏమిటి సార్ విశేషమని అడుగుతూ అందరూ తలా ఒకటి తీసుకున్నారు.